నెల రోజులు ఇంటిల్లిపాదీ కలిసి చదివాక: ఏ పుస్తకం ఎవరికి పనికొచ్చింది

ఈ వేసవి సెలవుల్లో నెలపాటు మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చుని తెలుగు చదివాం. డెబ్బై దాటిన మా అత్తయ్య, మా ఆయన, నేను, ఆరో తరగతికి వెళ్లబోతున్న అమ్మాయి, ఒకటో తరగతి అయిపోయిన బాబు. పిల్లలిద్దరిదీ ఇంగ్లిష్ మీడియమే. పాత చందమామ సంచికలు, బుడుగు, దర్గామిట్ట కతలు, ట్యాబ్‌లో స్టోరీవీవర్ బొమ్మల కథలు చదివాం. చందమామ బైండ్లు మా ఇంట్లో ఏళ్ల తరబడి వాడకంలో ఉన్నవే, మిగతావి ఈ నెలలో చేరాయి. ‘అన్ని వయసుల వారికీ’ అని చెప్పుకునే పుస్తకాలు చాలానే ఉంటాయి కానీ, ఐదుగురూ లేచిపోకుండా కూర్చుని వినే పుస్తకం దొరకడం కష్టం. ఇలాంటి ప్రయత్నం చేయాలనుకునే వాళ్లకు ఉపయోగపడుతుందని మా అనుభవం రాస్తున్నాను.

ముందుగా చందమామ గురించి, ఎందుకంటే నెలలో ఎక్కువ రాత్రులు దానివే. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి దీన్ని మద్రాసులో మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు నడిపారు. మా దగ్గరున్న బైండ్లలో ఎక్కువ భాగం ఆ కాలానివే. వాటిని పైకి చదివితేనే ఆ వచనం విలువ తెలుస్తుంది. పొట్టి వాక్యాలు, ఎవరు ఏం చేశారో వెంటనే తెలిసిపోయే కథనం. అలంకారాల కోసం కథ ఎక్కడా ఆగదు. అత్తయ్య ఆయాసం లేకుండా పేజీలకు పేజీలు చదివేసేది. బాబు మధ్యలో ఆపి అడిగింది ‘దివాణం’, ‘వరహాలు’ లాంటి మాటలకే. పెద్దల కోసం అంత పదునైన కథలూ నవలలూ రాసిన మనిషి, పిల్లల పత్రికకు వచ్చేసరికి భాషను ఇంత తేటగా ఉంచగలిగారంటే నాకు చాలా గౌరవం. కుటుంబరావుగారిది తెనాలి. అత్తయ్య పుట్టిల్లూ తెనాలే కాబట్టి ఆమె గర్వం వేరే చెప్పాలా!

అన్నిటికంటే బాగా పండింది బేతాళ కథలు. సంస్కృతంలో ఉన్నవి పాతికే అయినా, అదే చట్రంలో కొత్త కథలు అల్లుకుంటూ చందమామ దశాబ్దాలపాటు నడిపింది. మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. బేతాళుడు ప్రశ్న వేయగానే పుస్తకం మూసేయాలి. బాబుతో మొదలుపెట్టి అందరూ తమ జవాబు చెప్పాలి. ఆ తర్వాతే విక్రమార్కుడి జవాబు చదవాలి. చాలాసార్లు మా జవాబులు ఆయనతో కలవలేదు. ఒక కథలో రాజు తన కూతుర్ని సాహసం చేసినవాడికి ఇచ్చి పెళ్లి చేస్తాడు. ముగ్గురిలో ఎవరు అర్హుడన్నది ప్రశ్న. మా అమ్మాయి జవాబు చెప్పకుండా, “ఆ అమ్మాయికి ఎవరు ఇష్టమో అడగరేం నాయనమ్మా?” అంది. అత్తయ్య కళ్లజోడు తీసి, “అడగాలమ్మా. మమ్మల్నీ ఎవరూ అడగలేదు” అంది. ఆ రాత్రి ఇంక కథ సాగలేదు. అత్తయ్య తన పెళ్లి ఎలా కుదిరిందో చెప్పింది. నేను కాపురానికొచ్చి ఇన్నేళ్లయినా అందులో సగం సంగతులు నాకు తెలియవు.

కాబట్టి చందమామలో లోటు ఉందా అంటే ఉంది, స్పష్టంగానే ఉంది. రాజులు, జమీందార్లు, బుద్ధిమంతులైన పేదవాళ్లు, గయ్యాళి పెళ్లాలు మళ్లీ మళ్లీ వస్తారు. తెలివైన ఆడపిల్లలు లేకపోలేదు గానీ, చాలా కథల్లో వాళ్ల తెలివి మొగుణ్ణి గట్టెక్కించడానికే. పిల్లల చేతికిచ్చి వదిలేస్తే ఇవన్నీ ప్రశ్న లేకుండా లోపలికి పోతాయి. పెద్దలు పక్కన కూర్చుంటే ఆ ప్రశ్నలే కబుర్లకు దారి తీస్తాయి. ఆ కారణానికే నేను వాటిని ఇంట్లో ఉంచుతున్నాను.

సీరియళ్ల సంగతి వేరు. దాసరి సుబ్రహ్మణ్యంగారి ‘తోకచుక్క’ 1954లో వచ్చింది. ఇప్పటికీ ఆరేళ్ల పిల్లవాణ్ణి నిద్రపోనివ్వడం లేదు. ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులిద్దరూ మా ఇంట్లో కాపురం పెట్టారు. పొద్దున్నే బాబు ఒక కన్ను మూసుకుని తిరిగేవాడు. ప్రతి భాగం సరిగ్గా ఆపకూడని చోట ఆగుతుంది. “ఇంకొక్క భాగం” అని బతిమాలింది పిల్లలు మాత్రమే కాదు, మా ఆయన కూడా.

కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. చందమామ బొమ్మల పత్రిక. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, చిత్రా వేసిన సీరియల్ బొమ్మలు, భుజాన శవంతో చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడిగా శంకర్ వేసిన బొమ్మ, ఇవన్నీ కథలో సగం. ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర బైండు తెప్పిస్తే నలుపు తెలుపు జిరాక్సు వచ్చింది. బొమ్మలున్న చోట నల్లటి మరకలు. డబ్బు కట్టే ముందు లోపలి పేజీల ఫొటోలు అడిగి చూసుకోండి. అలాంటి కాపీ కంటే రంగుల స్కాన్‌ను టీవీకి కలిపి చూడటం చాలా మేలు. అక్షరాలు పెద్దవవుతాయి కాబట్టి అత్తయ్యకూ కంటి శ్రమ తగ్గింది.

బుడుగుకి మేం అనుకున్నట్టు జరగలేదు. ముళ్లపూడి వెంకటరమణ రచన, బాపు బొమ్మలు, నాకూ మా ఆయనకూ చిన్నప్పటి నుంచీ ప్రాణం. పిల్లలు పడిపడి నవ్వుతారనుకున్నాం. పుస్తకం అమ్మాయి చేతికిస్తే రెండు పేజీల్లోనే ఆగిపోయింది. కథలు చెప్పే అల్లరి పిల్లవాడు బుడుగు, మాటల్ని తనకు నోరు తిరిగినట్టు విరిచి పలుకుతాడు. అసలు మాట తెలిసినవాళ్లకే ఆ విరుపు నవ్వొస్తుంది. తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లకి అదొక అడ్డంకి. అదే పేజీ నేను పైకి చదివితే అక్కాతమ్ముళ్లిద్దరూ నవ్వారు, ఎందుకంటే చెవికి ఆ మాటలన్నీ తెలుసు. బుడుగు అమ్మానాన్నలైన రాధా గోపాళాల ముచ్చట్లు, పక్కింటి పెద్దల గొడవలు మాత్రం వాళ్లకు పట్టలేదు. పట్టాల్సిన పనీ లేదు. నా అభిప్రాయంలో బుడుగు పెద్దల పుస్తకం, పిల్లలకు అక్కడక్కడా ఏరి చదివి వినిపించాల్సిన పుస్తకం.

మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు మాత్రం నాకు ఈ నెలలో దొరికిన పెద్ద సంతోషం. నెల్లూరు జిల్లా కావలి, ముస్లిం కుటుంబంలో పెరిగే పిల్లవాడు, ఇల్లు, బడి, పండగలు, డబ్బుకి కటకట. కథలు చిన్నవి, ఒక్కొక్కటీ ఒక రాత్రికి సరిపోతుంది. భాష అచ్చంగా నెల్లూరుది. నేను చదివితే అది పలకలేదు. మామగారి ఉద్యోగం వల్ల మా ఆయన చిన్నతనం నెల్లూరులో గడిచింది. ఆయన చదవడం మొదలుపెట్టగానే ఆ వాక్యాలకి ప్రాణం వచ్చింది. మేం ఎప్పుడూ వినని యాస ఆయన నోట వింటుంటే అత్తయ్య, “చిన్నప్పుడు ఇట్లాగే మాట్లాడేవాడు” అంటూ మురిసిపోయింది. తన క్లాసులోని స్నేహితురాలి ఇంట్లో పండగ ఎలా ఉంటుందో అడగాలని మా అమ్మాయికి మొదటిసారి అనిపించింది ఈ పుస్తకం వల్లే. పదేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి నేను ముందు చెప్పే పేరు ఇదే. బాబుకి కొన్ని కథలు పట్టాయి, కొన్నిటికి ఒళ్లోనే నిద్రపోయాడు.

స్టోరీవీవర్ గురించి కొంచెమే చెబుతాను. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో తెచ్చిన ఉచిత వేదిక, తెలుగు కథలు చాలా ఉన్నాయి, చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీశారు. మొదటి మెట్టులో పేజీకి ఒకటి రెండు వాక్యాలు. బాబు తనంతట తాను మొదటి నుంచి చివరిదాకా చదివిన తెలుగు కథ అక్కడిదే, ఆ రోజు వాడి మొహం చూడాలి! అయితే వాడు చదవగలిగేది మొదటి మెట్టు, విని ఆనందించేది తోకచుక్క. ఈ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. పిల్లవాడు చదవగలిగే పుస్తకాలే ఇస్తూ పోతే వాడికి విసుగొస్తుంది, వినే కథలే ఉంటే అక్షరాలు రావు. పగలు పావుగంట వాడి చదువు, రాత్రి అందరి చదువు అని విడగొట్టాక రెండూ సాఫీగా నడిచాయి.

బడి తెరిచాక రోజూ కుదరడం లేదు, శని ఆదివారాలకు కుదించాం. ఇప్పుడు చందమామ సీరియల్ ఇంకొకటి మొదలుపెట్టాం. మీరూ సీరియల్ చదవాలనుకుంటే భాగాలన్నీ చేతిలో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. మా బైండులో ఒక సంచిక లేదని మధ్యలో తెలిసింది. దాని స్కాన్ వెతికి పట్టేదాకా బాబు మమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు.