ఇద్దరికీ నెగెటివే, కానీ అర్థం ఒకటి కాదు

అమలాపురంలో ఒకావిడకి అండాశయ క్యాన్సర్ వచ్చి, జన్యు టెస్టులో బీఆర్‌సీఏ1 (పాడైతే రొమ్ము, అండాశయ క్యాన్సర్ రిస్కు పెంచే జన్యువు)లో హానికరమైన మార్పు బయటపడిందనుకుందాం. కూతురికి అదే మార్పు కోసం చూస్తే నెగెటివ్. పాలకొల్లులో ఇంకో అమ్మాయికి మేనత్తలిద్దరూ రొమ్ము క్యాన్సర్‌తో పోయారు, వాళ్లకు ఏ జన్యు టెస్టూ జరగలేదు. ఈ అమ్మాయి టెస్టు చేయించుకుంటే, ఈమెకూ నెగెటివే.

మొదటిది అసలైన ఊరట. ఇంట్లో ఉన్న మార్పేమిటో తెలుసు, అది ఈమెకు రాలేదు. వచ్చి ఉంటే 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ అవకాశం సుమారు 72 శాతం, అండాశయానిది 44 శాతం దాకా ఉండేది. ఇప్పుడు రిస్కు దాదాపు అందరు ఆడవాళ్లంతే.

రెండోదాన్ని చూసి స్వీట్లు పంచేయకూడదు. మేనత్తలకు ఏ మార్పు ఉండేదో, అసలు ఉండేదో లేదో తెలియదు. ఈ టెస్టులో చూడని జన్యువులోనూ ఉండొచ్చు. అందుకే కుటుంబ చరిత్రను బట్టే డాక్టరు చెకప్‌లు నిర్ణయిస్తారు. క్యాన్సర్ వచ్చిన బంధువు బతికి ఉంటే ముందు వాళ్లకే టెస్టు చేయించడం మేలు. లేకపోతే నాన్నకి చేయించొచ్చు. "మగవాడికెందుకండీ" అంటారుగానీ, ఈ మార్పులు తండ్రి నుంచీ వస్తాయి, ఒక్కో బిడ్డకు 50 శాతం అవకాశంతో.

రిపోర్టులో "ప్రాముఖ్యత తెలియని మార్పు" (అంటే హానికరమో కాదో ఇంకా తేలనిది) అని ఉంటే మాత్రం అది పాజిటివ్ కాదు. దాన్ని చూసి రొమ్ములో అండాశయాలో ముందే తీయించుకునే ఆపరేషన్‌కు పరుగెత్తొద్దు. జన్యు కౌన్సెలర్‌కి చూపించండి.