అయిదో టైరు

పికప్‌కి పెద్ద టైర్లు వేయిద్దామనుకుంటున్నామండీ, ఎలా ఉంటాయని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే: స్టెపినీ ఎక్కడ పెడతారు? గ్రిప్పూ లుక్కూ తర్వాత మాట్లాడుకుందాం. టైర్లు వేయించుకునే ముందు ఈ ప్రశ్న నన్ను ఎవరైనా అడిగుంటే బాగుండేది.

మాది ఇసుజు వి-క్రాస్. కంపెనీ ఇచ్చిన సైజు 255/60 ఆర్18, అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 18 అంగుళాలు. 2023 సంక్రాంతి వెళ్లాక రాజమండ్రిలో ఒక షాపులో 275/65 ఆర్18 వేయించాను. గట్టి గుబ్బలున్న ఆల్ టెర్రయిన్ రకం, అంటే తారు రోడ్డుకీ మట్టి దారికీ పనికొచ్చేవి. మూడేళ్లు నిండాయి, మీటరు ప్రకారం 46 వేల కిలోమీటర్లు తిరిగాయి. మీటరు ప్రకారం అని ఎందుకన్నానో తర్వాత చెబుతాను.

వేయించడానికి కారణం 2022 జులై వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చి పాతిక లక్షల క్యూసెక్కులు దాటి కిందికి వదిలిన రోజులవి. కనకాయలంక కాజ్‌వే ఎక్కడుందో కూడా కనపడలేదు. లంకలో ఉన్న మా మేనత్త ఇంటికి బియ్యం తీసుకెళ్దామని బయల్దేరి, నీళ్ల అంచున బండి ఆపుకుని అరగంట చూసి వెనక్కొచ్చాను. ఆ రాత్రే అనుకున్నాను, దీనికి పెద్ద టైర్లు వేయించాలని. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. పాత టైరు ఎత్తు 763 మిల్లీమీటర్లు, కొత్తది 815. అందులో సగమే బండిని నేల మీంచి లేపేది, అంటే 26 మిల్లీమీటర్లు. బొటనవేలి వెడల్పు. గోదావరికి బొటనవేలు చూపించడానికి అన్ని డబ్బులు పోశాను. వరదలో వెళ్లేది నాటుపడవేనండి, అప్పుడూ ఇప్పుడూ.

అయితే ఉపయోగం లేదని కాదు. మాకు కాట్రేనికోన అవతల రొయ్యల చెరువులున్నాయి. ముమ్మిడివరం దాకా హైవే, అక్కణ్ణుంచి తారు రోడ్డు, చివరి మూడు కిలోమీటర్లు పుంత (పొలాల మధ్య మట్టి దారి), ఆ తర్వాత చెరువు గట్టు. పుంతలో ట్రాక్టర్లు తొక్కి తొక్కి చేసిన గాడీల మధ్య బండి పొట్ట తగలడం అప్పట్లో రోజూ ఉండేది. ఇప్పుడు తగలదు. ఆ ఒక్కటీ నిజంగా పోయిన బాధ. ఎత్తు కోసం షాపువాళ్లు చిన్న లిఫ్టు కిట్టు కూడా వేశారు, ముందు చక్రాల వెనక మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ లైనరు కొంచెం కోశారు. అయినా స్టీరింగు పూర్తిగా తిప్పి రివర్సు తీస్తే ఇప్పటికీ ‘కర్ర్’మంటుంది. మా ఆవిడ దాన్ని గుమ్మం దగ్గర పిల్లి అరుపంటుంది.

టైర్లు బిగించిన రోజు స్టెపినీ సంగతి అడిగాను. షాపాయన పాత టైరు బండి కింద ఎక్కించేస్తూ, “అయిదోది ఎందుకండీ? కింద పట్టదు కూడాను. ఎప్పుడో గాని అవసరం పడదు. పడితే దీంతో ఇంటికి వచ్చేయొచ్చు” అన్నాడు. నాలుగు టైర్ల బిల్లు చూశాక నాకూ ఆ మాట నచ్చింది.

2023 డిసెంబరు, మిచాంగ్ తుపాను వానలు. రాత్రి ఒంటిగంటన్నరకి చెరువు మీద కుర్రాడు ఫోను చేశాడు. “బాబాయ్‌గారూ, కరెంటు పోయిందండి. జనరేటర్ సెల్ఫ్ తీసుకోట్లేదండి, బ్యాటరీ పడుకుంది. రొయ్య గట్టువారకి వచ్చేస్తోందండి.” రొయ్యలు సాగు చేసేవాళ్లకి ఆ ఆఖరి మాట చాలు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రాత్రిపూట డీవో, అంటే నీళ్లలో కరిగున్న ఆక్సిజన్, పడిపోతుంది, గంటా రెండు గంటల్లో తేలేదేదో తేలిపోతుంది. ఇంట్లో ఉన్న పెద్ద బ్యాటరీ, రెండు డబ్బాల డీజిలు వెనకేసుకుని బయల్దేరాను.

పుంత బ్రహ్మాండంగా దాటేసింది. గాలి 34 నుంచి 20 పీఎస్ఐకి దించాను, ఫోర్ వీల్ వేశాను, ఎక్కడా ఆగలేదు. టైర్లని మనసులో మెచ్చుకుంటూనే గట్టెక్కాను. మా గట్టు బండికి రెండు పక్కలా జానెడు మిగిలేంత వెడల్పు. చెరువు వైపు పీతల వల కట్టడానికి ఇనప యాంగిలర్లు పాతి ఉంటాయి. పాత టైర్లు ఉన్నప్పుడూ ఆ దారినే పోయేవాణ్ణి, ఏ రోజూ తగల్లేదు. కొత్త టైరు ఒక్కోటీ రెండు సెంటీమీటర్లు వెడల్పు, పైగా గాలి తగ్గించామేమో పక్కకి పొట్ట తీసి ఉంది. వానకి గట్టు అంచు కరిగి ఒక యాంగిలరు ఇటు వాలింది. ఎడమ ముందు టైరు దాన్ని రాసుకుంటూ వెళ్లింది. వానహోరులో కూడా వినపడింది, ‘బుస్’మని.

దిగి టార్చి వేసి చూస్తే పక్కగోడ మీద చూపుడువేలంత గంటు. గుబ్బల మీద మేకు దిగితే పంక్చరు కిట్టుతో పుల్ల దూర్చి సరిపెట్టుకుంటాం. పక్కగోడ కోసుకుపోతే దానికి మందు లేదు. గంటులో వేలు పెడితే లోపలి దారాలు తడిగా తగిలాయి.

బండి కింద దూరి స్టెపినీ చైను దింపుదామంటే రాడ్డు పెట్టే గొట్టం నిండా రేగడి. పుల్లతో పొడిచి పొడిచి తీసేసరికి పది నిమిషాలు. జాకీ వేస్తే జాకీయే దిగబడింది. కుర్రాడు షెడ్డు దగ్గర్నుంచి కొబ్బరి దుంగ ముక్క దొర్లించుకొచ్చాడు. దాని మీద పెట్టి ఎత్తితే, టైర్లు పెద్దవయ్యాక ఇరుసు కూడా పైకెళ్లింది కదా, జాకీ మొత్తం విప్పుకున్నా చక్రం ఇంకా మట్టిలోనే ఉంది. ఈ బొటనవేలి ఎత్తు నాకు ఎదురుతిరిగింది అక్కడే. అప్పటికి రెండున్నర.

ఇక బండిని వదిలేశాం. బ్యాటరీకి తాడు కట్టి, వెదురు కర్రకి వేలాడదీసి, చెరో కొసా భుజానేసుకుని నాలుగొందల మీటర్లు నడిచాం. రెండుసార్లు జారి కూర్చున్నాను. మూడింటికి జనరేటర్ అందుకుంది. ఏరేటర్లు ఒక్కొక్కటీ తిరగడం మొదలెట్టాక ఆ చప్పుడు వింటూ వానలో అలాగే నిలబడిపోయాం. గట్టువారన కొంత రొయ్య పోయింది, చెరువు దక్కింది. దక్కించింది వెదురు కర్ర, కుర్రాడి భుజం. టైర్లు కావు.

తెల్లవారాక జాకీ కింద రెండో దుంగ పెట్టి పాత సైజు స్టెపినీ ఎక్కించాం. బండి ఎడమ వైపుకి ఒరిగి, ఒక కాలికి చెప్పు లేని మనిషిలా నిలబడింది. షాపాయన ‘ఇంటికి వచ్చేయొచ్చు’ అన్నది ఈ టైరుతోనే. ముందు రెండు చక్రాల్లో ఒకటి 763, ఒకటి 815. మామూలుగా వెనక చక్రాలతో నడిపితే ముందు చిన్నది ఉన్నా సర్దుకుంటుంది, కానీ ఆ బురదలో వెనక చక్రాలొక్కటే లాగలేవు. ఫోర్ వీల్ వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరగాలి. చిన్న టైరు అంతే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది గనక లోపల పళ్లు ఒకదాన్నొకటి నులుముకుంటాయి. బురదలో చక్రం జారి ఆ బిగింపు కొంత వదులుతుంది, గట్టి రోడ్డు మీద వదలదు. ఇదంతా తర్వాత మెకానిక్కు చెప్పాడు. ఆ ఉదయం నాకు తెలిసింది ట్రాక్షన్ లైటు వెలగడం, గేరు పెట్టె కింద నుంచి ఎన్నడూ వినని మూలుగు రావడం, అంతే. గుండె ఆగక ఆపేశాను. చివరికి దాళ్వాకి (రెండో పంట వరికి) దమ్ము చెయ్యడానికి వచ్చిన ట్రాక్టరు, ఇనప దమ్ము చక్రాలతో ఉన్నది, మమ్మల్ని పుంత దాకా లాగింది. ఆ ట్రాక్టరాయన నా టైర్లని కాసేపు చూసి, “బాగున్నాయండి, ఎంతయ్యాయేంటి?” అన్నాడు. చెప్పలేదు.

తర్వాత అయిదో టైరు కొన్నాను. దాని పక్కగోడ మీద తయారీ తేదీ అంకెలు చూసుకునే కొన్నాను (చివరి నాలుగంకెల్లో ముందు రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం; ఇది చూడకుండా ఎవరూ టైరు కొనకండి, షాపులో మూల పడున్నది అంటగడతారు). కొన్నాక పెట్టే చోటు లేదు. బండి కింద పట్టదు, షాపాయన ఆ ఒక్కటీ నిజమే చెప్పాడు. వెనక తొట్టిలో పడుకోబెడితే మేత బస్తాలకి చోటు తగ్గుతుంది, చెరువు పట్టుబడి రోజు ఐసు పెట్టెలు పట్టవు. అందుకని పట్టుబడి రోజుల్లో దించేసి ఇంట్లో వదిలేస్తున్నాను. బండి నిండా సరుకున్న రోజే స్టెపినీ ఇంట్లో ఉంటుందన్నమాట.

పెట్టించిన కొత్తలో నేను చెప్పిన గొప్పల్లో కొన్ని సవరించుకోవాలి. బురదలో బండి తేలిపోతోంది అనేవాణ్ణి. మొన్న వానాకాలం పక్క చెరువాయన, నాకు బావ వరస, కంపెనీ సైజులోనే ఆల్ టెర్రయిన్ టైర్లు వేయించి, గాలి 20కి దించి, నేను పోయిన పుంతలోనే నా వెనకాలే వచ్చేశాడు. గాడీల్లో రెండు చోట్ల పొట్ట రాసుకుందట, అంతకు మించి తేడా లేదు. అంటే నేను టైరు సైజుకి ఇచ్చిన మార్కుల్లో చాలావరకు గుబ్బలవీ, గాలి తగ్గించడానివీ. మైలేజీ విషయంలో మాత్రం టైర్లకి అన్యాయం చేశాను. లీటరుకి 12 ఇచ్చేది పదిన్నరకి పడిపోయిందని ఊరంతా చెప్పుకొచ్చాను. పెద్ద చక్రం తక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు 100 చూపిస్తే బండి నడిచింది దాదాపు 107. లెక్క సరిచేస్తే 11 పైనే వస్తోంది. ఆ లెక్కన టైర్లు తిరిగింది 49 వేలు. ఇంకా అయిదు మిల్లీమీటర్ల గుబ్బ ఉంది, అరుగుదల సమానంగా ఉంది. టైరుగా దాన్ని తప్పు పట్టడానికేం లేదు.

మరి వేయించొచ్చా అంటే, నా మాట నా దారికే పనికొస్తుంది. తొట్టి ఖాళీగా తిరిగేవాళ్లు, కొండల వైపు రాళ్లల్లో నడిపేవాళ్లు, అయిదో టైరు వెనక నిలబెట్టుకునే స్టాండు చేయించుకోగలవాళ్లు వేయించుకోండి, చూడ్డానికి మాత్రం భలే ఉంటుంది. రేగడి గట్ల మీద సరుకు మోసేవాళ్లయితే, బావ చేసినట్టు పాత సైజులోనే మంచి గుబ్బల టైర్లు, గాలి కొట్టే చిన్న కంప్రెసరు కొనుక్కుంటే సగం ఖర్చుతో పోతుందేమో. ఈసారికి 265/60 ఆర్18 చూస్తున్నాను. పాత సైజుకి దానికి 12 మిల్లీమీటర్లే తేడా, బండి కింద పట్టాలి, పాత స్టెపినీతో నడిపినా గేరు పెట్టె మూలగదనుకుంటాను. మావాడు మాత్రం పెద్దవే ఉంచమంటున్నాడు, స్నేహితుల ముందు పరువు పోతుందట.

ప్రస్తుతం అయిదో టైరు పెరట్లో కొబ్బరిచెట్టు కింద ఉంది. పోయిన వారం ఆశా కార్యకర్త వచ్చి దాంట్లో వాననీళ్లు చూసి, దోమలు చేరతాయండీ, బోర్లించండి అంది. టైరుని ఎలా బోర్లిస్తాం? నిలబెట్టి చెట్టుకి కట్టాను.