ఉత్పత్తి తగ్గినప్పుడు వివరణ ఎలా ఉంది: ఒక సోలార్ సంస్థ సేవపై సమీక్ష

మా ఇంటి పైకప్పుపై సోలార్ పలకలు అమర్చిన సంస్థ సేవల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది, ఉత్పత్తి తగ్గిందని ఫిర్యాదు చేసినప్పుడు వారి టెక్నీషియన్ ఇచ్చిన వివరణ. ఆయన "మబ్బులండీ" అని తేల్చేయకుండా, ఇన్వర్టర్ (పలకల విద్యుత్తును ఇంటి వాడకానికి పనికొచ్చేలా మార్చే పరికరం) యాప్‌లో ఆ రోజు ఉత్పత్తిని చూపే గ్రాఫును తెరిచి చూపించారు. మబ్బులు కదిలే రోజున ఆ గీత రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంటుందని, ముసురు పట్టిన రోజున మొత్తంగా చదునై కిందికి దిగిపోతుందని, ఆకాశం నిర్మలంగా ఉన్నా ప్రతిరోజూ ఒకే వేళకు గండి పడుతుంటే మాత్రం నీడను అనుమానించాలని విడమరచి చెప్పారు.

ఎండ మండిపోతున్నప్పుడు కూడా ఉత్పత్తి తగ్గుతుందన్నది చాలామందికి మింగుడుపడని విషయం. పలకపై రాసి ఉండే సామర్థ్యం చదరపు మీటరుకు 1000 వాట్ల కాంతి, 25 డిగ్రీల సెల్సియస్ సెల్ (పలకలో కాంతిని విద్యుత్తుగా మార్చే భాగం) ఉష్ణోగ్రత వద్ద కొలిచినది. ఆపై పెరిగే ఒక్కో డిగ్రీకి సిలికాన్ పలకలు సుమారు 0.3 నుంచి 0.4 శాతం శక్తిని కోల్పోతాయి. కాబట్టి సెల్ 65 డిగ్రీలకు చేరితే 12 నుంచి 16 శాతం తగ్గుదల సహజమే. పలకల వివరాల పత్రంలో డిగ్రీకి ఎంత శాతం తగ్గుతుందో చెప్పే అంకెను ఆయన నా చేతనే చదివించారు.

లోపాలు లేకపోలేదు. ఈ మాటలన్నీ అమ్మేటప్పుడే చెప్పవలసింది. అప్పుడిచ్చిన అంచనాలో ఏడాది సగటు తప్ప నెలవారీ లెక్కలు లేవు. ఫోనులో మాట్లాడే సిబ్బంది అయితే ఇప్పటికీ దేనికైనా వాతావరణాన్నే సాకుగా చూపుతారు, కడిగితే పోయే దుమ్ము వల్ల వచ్చే నష్టాన్ని కూడా మబ్బుల ఖాతాలోనే వేస్తారు. వారితో వాదించడం కన్నా టెక్నీషియన్‌ను పంపమని అడగడమే మేలు.