డిస్కుల వేడి చూసి తిరిగే ఫ్యాన్లు: కర్నూలు మిద్దె మీద మూడేళ్లు

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు పాతబస్తీలోని మా నాయన స్టూడియో మునిగిపోయింది. నెగెటివ్‌లు, ఆల్బమ్‌లు ఒక్కటీ దక్కలేదు. ఆ భయంతోనే పెళ్లి వీడియోలు దాచే లైనక్స్ సర్వర్‌ని మిద్దె మీద గదిలో పెట్టాం. అంత ఎత్తుకు నీళ్లు రావు, నిజమే. కానీ ఎండాకాలంలో రాత్రి పది దాటినా ఆ స్లాబు సెగ కక్కుతూనే ఉంటుంది. ఏసీ లేదు. ఫ్యాన్ల విషయం నాకు పట్టింది అందుకే.

మదర్‌బోర్డులోనే ఉండే బయాస్ సాఫ్ట్‌వేర్ ఫ్యాన్లను ప్రాసెసర్ వేడి చూసి తిప్పుతుంది. ఫైళ్లు దాచే సర్వర్‌లో ప్రాసెసర్‌కు పనేముంది? అది 40 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటే, పక్కనే డిస్కులు 52లో ఉడుకుతుంటాయి. ఫ్యాన్లకు ఆ సంగతే తెలియదు. దీనికి మందు డిస్కుల వేడి చదివే డ్రైవ్‌టెంప్ మాడ్యూల్. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో, 2020లో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి, అది ఉంది. ఒక్క కమాండ్‌తో లోడ్ చేస్తే సాటా డిస్కుల టెంపరేచర్లు కూడా 'సెన్సర్స్' కమాండ్ చూపే జాబితాలోకి వచ్చేస్తాయి. మొదటిసారి నాలుగు డిస్కులూ కనిపించాయి: అంచుల్లో ఉన్నవి 44, 45, మధ్యలోవి 49, 50. పెట్టెలో గాలి ఎక్కడ ఆడుతోందో, ఎక్కడ ఆగిపోతోందో ఆ నాలుగు అంకెల్లోనే తెలిసిపోయింది. అంత సంతోషం నాకు ఏ కొత్త కెమెరా కొన్నప్పుడూ కలగలేదు.

మిగతా సెటప్ పెద్ద కష్టం కాదు. మా బోర్డులో ఫ్యాన్లను నడిపే చిప్‌కు ఎన్‌సీటీ6775 డ్రైవర్ పనిచేసింది. ఒక సెన్సర్ 127 డిగ్రీలు చూపిస్తే గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే అది దేనికీ కలపని పిన్ను. ఇక్కడి షాపులో కొన్న మూడు పిన్నుల ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడులోనే తిరిగేది, బయాస్‌లో దాన్ని డీసీ మోడ్‌కు (వోల్టేజీ తగ్గించి స్పీడు తగ్గించే పద్ధతి) మార్చాక దారికొచ్చింది. ఫ్యాన్లను పరీక్షించి సెట్టింగులు రాసే పీడబ్ల్యూఎంకాన్ఫిగ్ మాత్రం చలికాలం పొద్దున్నే నడపండి. అది ఒక్కో ఫ్యాన్‌ను పూర్తిగా ఆపి చూస్తుంది. నేను పెట్టెకు చెవి ఆనించి కూర్చున్నాను. స్పీడుకు 0 నుంచి 255 దాకా అంకె ఇవ్వాలి: ఆగి ఉన్న ఫ్యాన్ కదలాలంటే 70 కావాలి, ఒకసారి తిరగడం మొదలైతే 45కు దించినా నడుస్తుంది. 255 అంటే ఫుల్.

ఇక ఫ్యాన్ల స్పీడును మధ్య డిస్కు వేడికి ముడిపెట్టి, ఆ సెట్టింగుల ప్రకారం స్పీడు మార్చే ఫ్యాన్‌కంట్రోల్ ప్రోగ్రామ్‌ను నడిపించాను. 'పెట్టి మర్చిపోవచ్చు' అని మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాట అనను.

రెండో ఏడాది వైశాఖంలో ముహూర్తాలు వరుసగా పడ్డాయి. చోటు చాలక ఐదో డిస్కు బిగించి సర్వర్ ఆన్ చేశాను. పెట్టె చప్పుడు లేకుండా ఉంది, బాగుందనుకుని కిందికి దిగి కెమెరా కార్డులు కాపీ పెట్టాను. రాత్రి పదకొండు ప్రాంతంలో మా దగ్గర పనిచేసే పిల్లోడు పైకి వెళ్లి పరుగున దిగాడు. "అన్నా, పెట్టె కాలిపోతాంది, చెయ్యి పెట్టేకి కాలా!" చూస్తే డిస్కులు 59, 61, 60. కంపెనీ కాగితంలో హద్దు 65. కాపీ ఆపేసి, పక్క రేకు విప్పి, టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఎదురుగా పెట్టాను. 45కు దిగేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ కార్డుల్లో రెండు పెళ్లిళ్లున్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు.

కారణం లాగ్‌లో ఒక్క లైనులో ఉంది. లైనక్స్ సెన్సర్లకు వరుసగా వేసే నంబరును హెచ్‌డబ్ల్యూమాన్ నంబరు అంటారు; డ్రైవ్‌టెంప్ వల్ల ఒక్కో డిస్కుకూ ఒకటి వస్తుంది. కొత్త డిస్కు రాగానే వరుస జరిగింది, ఫ్యాన్ల చిప్ నంబరు మారిపోయింది. ఫ్యాన్‌కంట్రోల్ మొదలయ్యేటప్పుడు ఆ నంబరు దగ్గరున్న చిప్ పాత్, పేరు సెట్టింగుల్లో రాసినవాటితో సరిచూసుకుంటుంది, కలవకపోతే నడవనంటుంది. అందులో దాని తప్పేమీ లేదు, వేరే చిప్‌లో రాసి ఉంటే ఇంకా ఘోరం. కానీ అది నడవకపోతే ఫ్యాన్లు బయాస్ చేతిలోకి పోతాయి. అక్కడ నేనే సైలెంట్ మోడ్ పెట్టి ఉంచాను. సాయంత్రం నాకు బాగుందనిపించిన నిశ్శబ్దం అదే.

అప్పటి నుంచి నలభై లైన్ల సొంత స్క్రిప్టు వాడుతున్నాను. నంబర్ల జోలికి పోకుండా, హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్లలో 'నేమ్' ఫైలు చదివి ఏది డిస్కో, ఏది ఫ్యాన్ల చిప్పో తెలుసుకుంటుంది. అన్నిటికంటే వేడిగా ఉన్న డిస్కును బట్టి స్పీడు ఇస్తుంది: 36 డిగ్రీల లోపు 90, 48 దాటితే 255. మధ్యలో ఆగిపోతే 255 రాసి మరీ ఆగుతుంది. దానికంటే ముఖ్యం, బయాస్‌లో ఫ్యాన్లను ఫుల్ స్పీడుకు మార్చాను. స్క్రిప్టు అసలు మొదలు కాకపోయినా చప్పుడే చెబుతుంది.

తర్వాతి మే నెలలో ఏ డిస్కూ 50 దాటలేదు. అనుకోని లాభం ఇంకొకటి దక్కింది. అదే స్పీడుకు, అలాంటి రాత్రే, డిస్కులు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే ముందు జాలీ దుమ్ము పట్టిందని అర్థం. బ్లోయర్ కొడితే మళ్లీ దిగుతాయి. మా వీధి దుమ్ముకు నెలకోసారి తప్పదు.

మీకూ ఇదే పెట్టుకోమని గట్టిగా చెప్పలేను. రెండు డిస్కులు, ఏసీ గది ఉన్నవాళ్లకు బయాస్ చాలు. వాడనప్పుడు డిస్కుల్ని నిద్రపుచ్చేవాళ్లు ఒకటి చూసుకోవాలి. కొన్ని డిస్కుల్లో టెంపరేచర్ చదివిన ప్రతిసారీ ఆ నిద్ర టైమర్ మొదటికొస్తుందని కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. నావి రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి కాబట్టి నాకు ఆ ఇబ్బంది లేదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఫ్యాన్లు హోరుమని లేస్తాయి, అర నిమిషంలో స్క్రిప్టు అందుకోగానే తగ్గుతాయి. ఆ హోరు తగ్గడం విన్నాకే కింద షట్టర్ దించుతాను.