బేగంబజార్ రాజ్మా, ఇంట్ల చేసిన చిక్కటి సూప్: 5కి 4.5

మా నాన్నను రాత్రి పూట అన్నం తగ్గించమన్నరు డాక్టర్. ఉత్త టమాటా సూప్ తాగితే గంటకే ఆకలి అంటడు, అందుకే వారానికి 3 రోజులు రాజ్మా సూప్ చేస్తున్న. మొదట ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్‌ల ప్యాకెట్ కొన్న, రాత్రంత నానబెట్టి కుక్కర్‌ల 10 విజిల్స్ పెట్టినా గింజ లోపల సుద్దముక్క లెక్కనే ఉండె, రెండు సార్లు అట్లనే అయింది. తప్పు నాదే అనుకున్న కానీ కాదు, అది పాత సరుకు. వేడిల, తేమల నెలల తరబడి పడి ఉన్న రాజ్మా ఎంత ఉడకబెట్టినా మెత్తబడదు.

పోయిన శనివారం ఎంజీబీఎస్ మెట్రోల దిగి ఆటోల బేగంబజార్ పోయిన (బండి మీద పోకండి, పార్కింగ్ దొరకదు). ఉస్మాన్‌గంజ్ దిక్కు గల్లీ మలుపుల నీలం షట్టర్ ఉన్న చిన్న పప్పుల దుకాణం. సూప్‌కి కావాలె, మంచిగ ఉడికేది ఇయ్యి సేటు అంటే ఆయన రెండు బస్తాలు విప్పి పక్కపక్కన చూపించిండు. కొత్త పంటది నిగనిగలాడుతుంది, తోలు బిగుతుగ ఉంది, పాతది ముడతలు పడి రంగు నల్లబడ్డది. ఇది నయా మాల్ అమ్మా, చిత్రా (మచ్చలుండే రాజ్మా రకం) తీస్కో అని కొత్తదే తూకం వేసిండు. పాతది అంటగట్టకుండ తేడా చెప్పి అమ్మిండు చూడండి, అది నాకు చాలా నచ్చింది.

రాత్రి నీళ్లల్ల ఒక చెంచా ఉప్పు వేసి నానబెట్టిన, దాంతోని తోలు మెత్తగైతది. పొద్దున ఆ నీళ్లు పారబోసి మంచినీళ్లతోని ఉడకబెట్టిన. మాది బోరు నీళ్లు, సున్నం బాగ ఉండే గట్టి నీళ్లు, వాటిల ఏ పప్పూ సరిగ ఉడకదు. 4 విజిల్స్, తర్వాత సిమ్‌ల 15 నిమిషాలు, అంతే, వేళ్లతోని నొక్కితే వెన్న లెక్క నలిగింది! టమాటా మాత్రం గింజ ఉడికినంకనే వెయ్యండి, పులుపు ముందే పడితే గింజ బిర్రుగనే ఉంటది. నెయ్యిల వెల్లుల్లి, ఉల్లిగడ్డ, క్యారెట్, కొత్తిమీర కాడలు వేయించి అందుల కలిపిన, రెండు గరిటెల గింజలు పప్పుగుత్తితోని మెదిపి మళ్ల అందులనే పోస్తే కార్న్‌ఫ్లోర్, క్రీమ్ ఏమీ లేకుండనే చిక్కబడ్డది. దించినంక మిరియాల పొడి, నిమ్మకాయ.

ఒక్క మాట, స్లో కుక్కర్ వాడేటోళ్లు జాగ్రత్త. పచ్చి రాజ్మాల లెక్టిన్ అని ఒకటి ఉంటది, గింజ సగం ఉడికితే వాంతులు, విరేచనాలు అయితయ్, సన్న వేడికి అది పోదు సరికదా ఇంకా ఎక్కువైతది. నానబెట్టిన నీళ్లు పారబోసి, ముందు ఒక అరగంట కుతకుత మసలనియ్యండి, అప్పుడు స్లో కుక్కర్‌ల వేస్కోండి.

అర మార్కు ఎందుకు తగ్గించిన అంటే, కిలోల నాలుగైదు రాళ్లు వచ్చినయ్, పళ్లు బాగలేని పెద్దోళ్లు ఉన్న ఇంట్ల అది చిన్న విషయం కాదు, ఏరుకోని వాడండి. అరకిలో ఇయ్యరు, కిలోనే తీస్కోవాలె. నాన్న రెండో గిన్నె అడిగి తాగిండు. ఈ కిలో అయిపోయినంక మళ్ల అక్కడికే పోత, ఈసారి అలసందలు కూడ చూస్త.