రైజెన్ 5600తో మూడేళ్లు: కొత్త జనరేషన్‌కి ఎందుకు వెళ్లలేదంటే

నాది హనుమకొండలో పెళ్లి వీడియోల ఎడిటింగ్. మాఘం, శ్రావణం వచ్చాయంటే సిస్టమ్‌కి నిద్రుండదు. 2019లో ఏఎండీ వాళ్ల ప్రాసెసర్ రైజెన్ 5 2600, దానికి బీ450 మదర్‌బోర్డు వేయించా. 2022 చివరికొచ్చేసరికి టైమ్‌లైన్ మీద నాలుగు లేయర్లు పడితే నత్తనడకే. అప్పటికే రైజెన్ 7000 సిరీస్ వచ్చేసింది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఏ షాపుకెళ్లినా ఒకటే పాట: "పాతది ఎందుకన్నా, ఏఎం5 తీస్కో."

లెక్క వేయించా. ఏఎం5 అంటే ప్రాసెసర్ కూర్చునే సాకెటే కొత్తది, కాబట్టి కొత్త బోర్డు. అందులో నా పాత రకం డీడీఆర్4 ర్యామ్ పడదు కాబట్టి ర్యామూ కొత్తదే. ఆ సిరీస్‌లోని 7600ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు, అదొకటి. ప్రాసెసర్ కోసం వెళ్తే సగం సిస్టమ్ చేతిలో పెట్టేలా ఉన్నారు. నా పాత బోర్డులోనే పడే రైజెన్ 5 5600 ఒక్కటీ కొనుక్కుని బస్సెక్కా.

పాత 2600, ఈ 5600 రెండూ 6 కోర్లు, 12 థ్రెడ్లే, రెండూ 65 వాట్లే. మరి తేడా ఎక్కడుందంటే, 2600లో ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ, 16 ఎంబీ రెండు ముక్కలుగా ఉంటుంది, మూడేసి కోర్లకి ఎనిమిదేసి ఎంబీ. 5600లో 32 ఎంబీ, ఆరు కోర్లకీ ఉమ్మడి. కోర్ కూడా రెండు తరాలు కొత్తది. నా దగ్గర గంటన్నర పట్టే రెండర్ గంటకి దిగింది. బోర్డు పాతది కావడంతో గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ కలిసే దారి పాత వేగం పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోయా, కానీ నా పనిలో ఆ తేడా ఎప్పుడూ తగల్లేదు.

మార్చేవాళ్లకి రెండు ముక్కలు. పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్, అంటే బోర్డులోని సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేయండి, తర్వాతైతే స్క్రీనే రాదు. రెండోది నేను ఏడ్చి నేర్చుకున్నది: చల్లగా ఉన్న సిస్టమ్‌లో కూలర్‌ని నిలువునా లాగాను. మధ్యలో ఎండిన థర్మల్ పేస్ట్‌కి అతుక్కుని, సాకెట్ లాక్ వేసి ఉన్నా 2600 ఊడి బయటికొచ్చింది! మూలన నాలుగు పిన్నులు వంగాయి. పాత ఏటీఎం కార్డు అంచుతో అరగంట సేపు ఊపిరి బిగబట్టి సరిచేశా. పది నిమిషాలు నడిపి ఆపేసి, గోరువెచ్చగా ఉండగా కూలర్‌ని అటూఇటూ తిప్పి తీస్తే ఈ గోల ఉండదు. ఏఎం5లో పిన్నులు సాకెట్‌లోకి మారాయి, ఆ భయం లేదు.

ఇక అసలు లోటు. ఇప్పుడు కెమెరామెన్లు రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో తీసి పంపుతున్నారు. దాన్ని హార్డ్‌వేర్‌లో విప్పే దారి నా 5600లో లేదు, అసలు దీంట్లో గ్రాఫిక్సే లేదు. నా గ్రాఫిక్స్ కార్డు వల్లా కాదు. అంతా కోర్ల మీదే పడి ప్లేబ్యాక్ తడబడుతుంది, ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి తేలికపాటి కాపీలు, చేసుకుంటూ కూర్చోవాలి. ఇంటెల్ 12వ జనరేషన్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో వీడియో విప్పే భాగం, క్విక్‌సింక్, ఈ పని అవలీలగా చేస్తుంది, పైగా డీడీఆర్4 బోర్డులూ దొరికేవి. ఆ రోజు నేను ఏఎండీలో పాతదా కొత్తదా అనే చూశాను తప్ప పక్కకి తల తిప్పలేదు.

అందుకే మా తమ్ముడికి ఆ 12వ జనరేషన్‌లోని ఐ5 12400 కొనిపించా, చివర ఎఫ్ లేనిది. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, క్విక్‌సింకూ ఉండదు. వాడి దాంట్లో ఉన్న ర్యామ్ నాదే. ఇప్పుడు ఆ కెమెరాల కార్డులు వచ్చిన రోజు నా సిస్టమ్ వదిలేసి వాడి కుర్చీలో కూర్చుంటున్నా.