ఏడేళ్లుగా వాడుతున్న ఎఫ్30 నెయిల్ గన్: విశాఖ ఉప్పుగాలిలో నా అనుభవం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మూడు నెలలపాటు వడ్రంగినైన నాకు వేరే పని లేదు. ఊడిన కిటికీ రెక్కలు, చీలిన తలుపులు, నీళ్లు తాగి ఉబ్బిన కప్‌బోర్డులు. అంతా సుత్తితోనే. బీడింగ్ (అంచులకి వేసే సన్న చెక్క పట్టీ) మీద తల లేని సన్న మేకు నిలబెట్టడం, కొట్టడం, పంచ్ పెట్టి లోపలికి దింపడం. ఏడాది ఆఖరుకి కుడి మోచెయ్యి మంచినీళ్ల గ్లాసు ఎత్తినా సలిపేది. అయినా గాలి ఒత్తిడితో మేకులు కొట్టే ఈ గన్ కొనడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రీ "గాలితో దిగిన మేకు నిలవదురా" అనేవారు. ఆ మాట దాటలేకపోయాను.

ఆయన చెప్పింది సగం నిజమే. ఈ గన్ కొట్టే 18 గేజి మేకు మిల్లీమీటరు పైచిలుకు మందం. అది బరువు మోయదు. ఫెవికాల్ ఆరేదాకా చెక్కను కదలకుండా పట్టి ఉంచడమే దాని పని. ప్లైవుడ్ అంచుని కప్పే లిప్పింగ్ పట్టీ, తలుపుకి బీడింగ్, డ్రాయరు వెనక పలక, ఇలాంటి వాటికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలీదు. షట్టరు ఫ్రేముకీ కీళ్లకీ మాత్రం ఇప్పటికీ స్క్రూలే వాడతాను.

2018లో పూర్ణా మార్కెట్ వైపు ఒక షాపులో కొన్నాను. ఎఫ్30 అంటే 10 నుంచి 30 మిల్లీమీటర్ల పొడవు మేకులు పట్టే రకం. చాలా కంపెనీలు ఇదే పేరుతో అమ్ముతాయి, చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. తేడా ముక్కు దగ్గర ఉంటుంది. కొన్నిటికి ముక్కు కొసన కదిలే సేఫ్టీ కమ్మీ ఉంటుంది. అది చెక్కకి ఆని లోపలికి నొక్కుకుంటేనే ట్రిగ్గర్ పనిచేస్తుంది. కొన్ని చవక గన్నులకి అసలు ఉండదు, ట్రిగ్గర్ నొక్కితే చాలు, గాల్లోకైనా మేకు ఎగురుతుంది. ధరలో తేడా కొంచెమే. సేఫ్టీ లేనిది ఎవరైనా ఉత్తినే ఇచ్చినా తీసుకోవద్దు.

ఉన్న సేఫ్టీని కట్టేసేవాళ్లూ ఉన్నారు. మధురవాడలో ఒక అపార్టుమెంటు పనిలో వేరే జట్టు వాళ్లు కమ్మీని వెనక్కి లాగి బైండింగ్ వైరు చుట్టేశారు, పని చురుగ్గా సాగుతుందని. పక్క గదిలో మా కుర్రాళ్లున్నారు. ఆ వైరు విప్పేదాకా పని మొదలెట్టనని చెప్పాను. మాటా మాటా పెరిగింది గానీ, విప్పారు.

ఇక నీళ్ల సంగతి. మన ఊళ్లో ఈ గన్నుకి అసలు శత్రువు అదే. గన్నుకి గాలి అందించే కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ ట్యాంకు అడుగున నీరై దిగుతుంది. సముద్రం పక్కన గాలిలో తేమకి కొదవేముంది? కొన్న మొదటి వానాకాలం నాకిది తెలీదు. రుషికొండ దగ్గర ఒక ఇంట్లో, టేకు బీడింగ్ మీద మేకు దిగిన చోటల్లా సన్నగా నీటి తుంపర పడుతోంది. పాలిష్‌కి సిద్ధం చేసిన చెక్క మీద గోధుమరంగు చుక్కలు. కంప్రెసర్ అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వు తిప్పితే టీ డికాషన్ లాంటి నీళ్లు అర లీటరు దాకా వచ్చాయి. అంటే ట్యాంకు లోపల తుప్పు పడుతోందన్నమాట. లోపలి నుంచి తుప్పు తిన్న ట్యాంకు ఒత్తిడిలో ఉంటే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. అప్పట్నుంచి రోజూ పని అయ్యాక గాలి చాలావరకు వదిలేసి, కొంచెం ఒత్తిడి ఉండగానే వాల్వు తిప్పి నీళ్లు పోగొడతాను. తర్వాత వాల్వు తెరిచే ఉంచి ఇంటికి వెళ్తాను. పైపు మొదట్లో నీరు పట్టే ఫిల్టరు కూడా బిగించాను. దాని గాజు గిన్నెలో వానాకాలం సాయంత్రానికి వేలెడు నీరు కనబడుతుంది.

ఒత్తిడి సంగతి తక్కువలో చెబుతాను. ఎఫ్30కి సాధారణంగా 4 నుంచి 7 బార్లు, అంటే సుమారు 60 నుంచి 100 పీఎస్ఐ. నేను 5 దగ్గర మొదలెట్టి, వ్యర్థపు ముక్క మీద రెండు మేకులు కొట్టి చూస్తాను. తల పైకి ఉంటే కొద్దిగా పెంచుతాను, మరీ లోతుగా దిగి గుంట పడితే తగ్గిస్తాను. టేకుకి ఒక లెక్క, ప్లైవుడ్‌కి ఒక లెక్క. మేకు దిగట్లేదని గన్ మీద రాసిన హద్దు దాటి గాలి పెంచొద్దు. ముందు నూనె సంగతి, గన్ లోపలి రబ్బరు రింగుల సంగతి చూడండి. ఆక్సిజన్ సిలిండర్ తగిలించే ఆలోచన కూడా రానివ్వకండి. నూనె తగిలిన చోట ఆక్సిజన్ ఒత్తిడిలో పేలిపోతుంది.

2021లో జరిగింది రాయకపోతే ఈ సమీక్షకి అర్థం లేదు. ఎంవీపీ కాలనీలో ఒక ఫ్లాటులో అద్దాల తలుపుకి బీడింగ్ వేస్తున్నాం. మా మేనల్లుడు ఎడమ చేత్తో బీడింగ్ పట్టుకున్నాడు, గన్ కుడిచేతిలో. మేకు దిగే చోటుకి వేలు రెండంగుళాల దూరం కూడా లేదు. నేను చూసి దూరం జరపమనేలోపే టప్‌మని చప్పుడు. "ఏటైందిరా?" అన్నాను. "గుచ్చీసింది మావయ్యా" అన్నాడు, మెల్లగా. లోపల టేకులో ఒక గట్టి కణుపు ఉంది. 25 మిల్లీమీటర్ల మేకు దానికి తగిలి, కొక్కెంలా వంగి, చెక్క పక్కనుంచి బయటికొచ్చి చూపుడువేలి రెండో కణుపులోకి దిగింది. గన్ తిన్నగానే ఆనించాడు, సేఫ్టీ బాగానే పనిచేసింది. తప్పు వేలు ఉన్న చోటులో ఉంది.

వాడు పీకెయ్యబోయాడు, నేను ఆపాను. మేకులు ఒకదానికొకటి జిగురుతో అంటుకుని పట్టీగా ఉంటాయి. ఆ జిగురు గాయంలో ఉండిపోవచ్చు, లోపల ఎముకకి తగిలిందో లేదో మనకి తెలీదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశాకే మేకు బయటికి తీశారు, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చారు. మూడు వారాలు వేలు మడవలేకపోయాడు. మా అక్కకి ఆ సాయంత్రం ఫోన్ చేసి చెప్పడం నా జీవితంలో కష్టమైన పనుల్లో ఒకటి.

అప్పట్నుంచి మా జట్టులో ఎవరూ మేకు దిగే చోటుకి జానెడు లోపల చెయ్యి పెట్టరు. చిన్న ముక్క అయితే క్లాంపు, లేకపోతే ఇంకో చెక్కతో నొక్కిపట్టడం. కళ్లద్దాలు లేకుండా గన్ ముట్టుకోనివ్వను. చెవుల్లో ప్లగ్గులు కూడా. ఖాళీ గదిలో రోజంతా ఆ చప్పుడు వింటే రాత్రి చెవుల్లో గుయ్యిమంటుంది.

ఇంకో అలవాటు పైపు పీకడం. మేకు ఇరుక్కున్నా, మేకులు నింపాలన్నా, నిచ్చెన ఎక్కాలన్నా, గన్ పక్కన పెట్టి టీకి వెళ్లాలన్నా ముందు పైపు పీకాలి. కంప్రెసర్ స్విచ్ ఆపితే చాలదు, హ్యాండిల్ నిండా గాలి నిలవ ఉంటుంది, అది ఒక్క మేకుకి సరిపోతుంది. ఇక్కడ చిన్న విషయం ఒకటి ఉంది. పైపు పీకగానే గాలిని ఆపే కప్లర్ (బిగింపు) పైపు వైపే ఉండాలి, గన్నుకి అందులో దూరే మామూలు నిపుల్ (గొట్టపు మూతి) మాత్రమే ఉండాలి. అలా ఉంటే పైపు లాగిన వెంటనే గన్నులోని గాలి బుస్సుమని పోతుంది. తారుమారుగా బిగిస్తే పైపు లేకున్నా గన్ నిండుగానే ఉంటుంది. కొత్తవాళ్లు తరచూ తప్పు బిగిస్తారు, ఒకసారి మీదీ చూసుకోండి.

నూనె రోజుకి రెండు మూడు చుక్కలు, నిపుల్ నోట్లో, పని మొదలెట్టే ముందు. నాది నూనె లేని కంప్రెసర్ కాబట్టి గాలితో పాటు నూనె రాదు, ఇది మరిచిపోతే రబ్బరు రింగులు ఎండి చిట్లుతాయి. గాలి పనిముట్లకి అమ్మే పలచని నూనే వాడండి. బండి ఇంజిన్ ఆయిల్ వద్దు. ఏడేళ్లలో రింగుల సెట్టు రెండుసార్లు, కింద ఉండే బంపర్ రబ్బరు ఒకసారి మార్చాను. బంపర్ చితికితే మేకులు సగమే దిగుతాయి, గాలి తక్కువైందని మనం మోసపోతాం. కొట్టే బ్లేడు కొస అరిగితే ఒకే దెబ్బకి రెండు మేకులు వచ్చి ఇరుక్కుంటాయి. ఆ కొసని ఒకసారి ఆకురాయితో తిన్నగా చేశాను, కొన్నాళ్లు బాగానే నడిచింది, ఆ తర్వాత కొత్తది వేశాను.

సముద్రం ఎదురుగా ఉన్న ఇళ్లలో పని చేసేవాళ్లకి ఒక మాట. మామూలు మేకులు పుట్టీ కింద కూడా తుప్పు పడతాయి. బీచ్‌రోడ్డులో నేను వేసిన తెల్లరంగు కిటికీ బీడింగ్ మీద రెండో ఏటికే వరసగా గోధుమ చుక్కలు తేలాయి. నా ఖర్చుతో మళ్లీ చేసిచ్చాను. ఇప్పుడు అలాంటి ఇళ్లకి స్టెయిన్‌లెస్ మేకులే వాడుతున్నాను, ఖరీదు ఎక్కువని ఇంటివాళ్లకి ముందే చెప్పేస్తాను. మేకుల పెట్టెలు కూడా మూత గట్టిగా పట్టే డబ్బాలో, తేమ పీల్చే పొట్లాలతో పెడతాను. తుప్పు పట్టిన పట్టీ మ్యాగజైన్‌లో (గన్నులో మేకులు నింపే అర) జరగదు, అది ఇరుకుడికి మొదటి కారణం.

మోచెయ్యి ఇప్పుడు నొప్పి లేదు. ఒక గది బీడింగ్ పూర్వం రోజంతా పట్టేది, ఇప్పుడు భోజనానికి ముందే అయిపోతుంది. మళ్లీ కొనాలంటే ఇదే రకం కొంటాను, రింగుల సెట్టు, బంపర్ అదే రోజు తెచ్చుకుంటాను. ప్రస్తుతం ట్రిగ్గర్ దగ్గర సన్నగా గాలి లీకవుతోంది, చెవి దగ్గర పెడితే వినబడుతుంది. ఆదివారం విప్పుతాను. మేనల్లుడే విప్పుతానన్నాడు. ముందు ఏం చేస్తావురా అని అడిగితే, చేతిలో పీకేసిన పైపు చూపించాడు.